ముదిమియు నడకయు

ఇంటి పెద్దకు అరువది యేండ్లు నిండగానే మన యిండ్లలో ఒక మాట వినవచ్చును. "ఇంక మీకెందుకండీ ఈ తిరుగుళ్లు? కృష్ణా రామా అనుకుంటూ ఒకచోట కూర్చోరాదా?" అని కొడుకు అనును, కోడలు అనును, ఇరుగు పొరుగువారును అందురు. ఈ మాటలో ప్రేమ కలదు, గౌరవమును కలదు. పెద్దల చేతిలోని సంచి అందుకొని, కుర్చీ చూపి, ఫలహారపు పళ్లెము ముందుంచుట మన మర్యాదలలో నొకటి. కాని ఈ మర్యాద వలన పెద్దల గుండెకును రక్తమునకును ఏమి జరుగుచున్నదని ప్రశ్నించుటకు వైద్యశాస్త్రమునకు చాల కాలము పట్టినది. ఆ కథను కొంత చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లకు చేరువలో కర్మన్‌ఘాట్ కలదు. అచ్చటి ధ్యానాంజనేయస్వామి ఆలయమును కాకతీయ రెండవ ప్రోలరాజు పండ్రెండవ శతాబ్దములో కట్టించెనని స్థలపురాణము చెప్పుచున్నది. 1687లో గోలకొండ పతనమైన పిదప ఔరంగజేబు ఈ గుడిని పడగొట్టవచ్చినపుడు "కర్ మన్ ఘట్", అనగా మనస్సు గట్టి చేసికొనుమని, ఒక ధ్వని వినిపించెనట. ఊరి పేరు ఆ మాట నుండియే పుట్టినదని అచ్చటివారు చెప్పుదురు. చరిత్రకారుడు దీనికి సాక్ష్యమడుగవచ్చును. మేము కథను కథగానే చెప్పుచున్నాము. గుండె గట్టిది కావలెనని కోరుట మంచిదే. గుండెకు రక్తము తెచ్చు నాళములు మాత్రము గట్టిపడరాదు.

ఒక శనివారము ఉదయమున మేము ఆ గుడిలో కొంతసేపు నిలుచుండి చూచితిమి. ప్రదక్షిణములు చేయువారిలో సగమునకు పైగా పెద్దవారే. పంచె ఎగగట్టినవారు, మోకాలికి పట్టీ వేసికొన్నవారు, చేతికఱ్ఱ పట్టుకొన్నవారు, అందరును ఒకే దిక్కుగా తిరుగుచుండిరి. వారిలో ఒక వృద్ధురాలు, డెబ్బది దాటియుండును, వ్రేళ్ల కణుపులపై లెక్క పెట్టుకొనుచు ఎవరిని చూడకుండ నడచుచుండెను. "ఎన్ని అయినవి అవ్వా?" అని మేము అడిగితిమి. "ఆగు బిడ్డా, లెక్క తప్పుతది" అని ఆమె ఆగకయే సాగిపోయెను. మా తప్పు మాకు తెలిసినది. ఆమె లెక్క పూర్తియై అరుగుపై కూర్చుండు వరకు వేచియుంటిమి. గడియారము చూడగా, మేము చూచినంతలోనే ముప్పదియైదు నిమిషములు నడచినది. చిన్ననాట ఆమె ఈ ప్రాంతముననే నాట్లు వేసినదట, కలుపు తీసినదట. ఇప్పుడు మనుమని యింట మూడవ అంతస్తులో ఉన్నది. ఎక్కి దిగుటకు లిఫ్టు కలదు. "ఇంట్ల కూసుంటె కాళ్లు పట్టుకపోతున్నయి. ఈడ తిరిగిన నాడు పాణం మంచిగుంటది" అని ఆమె చెప్పెను.

ప్రాణము బాగుండుట అన్న దానిని వైద్యులు ఎట్లు కొలిచిరి? అంతకు ముందు మన పూర్వు లేమి చెప్పిరో చూడవలెను. ఏలయనగా పెద్దలను కూర్చుండబెట్టు ఆచారమునకు శాస్త్రప్రమాణము లేకపోలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమును పొగడుచు, అది శరీరమునకు లాఘవమును ఇచ్చుననియు, మేదస్సును, అనగా క్రొవ్వును, కరగించుననియు చెప్పినాడు. ఆ వెంటనే, దానిని మానవలసినవారిలో బాలుని, అజీర్ణరోగిని, వృద్ధుని చేర్చినాడు. ఇంతవరకు చదివి పుస్తకము మూసినవారు తాతగారిని మంచముపై కూర్చుండబెట్టుట సహజమే. కాని ఆ గ్రంథములలో వ్యాయామమనగా బలవంతుడు సగము బలము వినియోగించి చెమటపట్ట చేయు శ్రమ. నడక వేరు. దానికి చంక్రమణమని వేరే పేరు కలదు. దేహమును మిక్కిలి పీడింపని నడక ఆయువును, బలమును, బుద్ధిని, జఠరాగ్నిని పెంచునని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. అచ్చట వృద్ధునికి నిషేధము లేదు. మనము మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచితిమి.

పాశ్చాత్యులును ఇదే త్రోవలో చాలదూరము పోయి వెనుకకు మరలిరి. గుండెనొప్పిని మొదట స్పష్టముగా వర్ణించిన విలియం హెబర్డెన్ అను ఆంగ్ల వైద్యుని గ్రంథము, ఆయన మరణించిన మరుసటి సంవత్సరము, 1802లో అచ్చయినది. అందులో ఒక రోగిని గూర్చి రెండు ముక్కలు కలవు. ఆ రోగి దినమున కొక అరగంట కట్టెలు కోయుట నియమముగా పెట్టుకొని, నొప్పి దాదాపుగా పోగొట్టుకొన్నాడట. ఎంత విలువైన సంగతి! ఐనను నూరేండ్లకు పైగా ఎవ్వరును దానిని పట్టించుకొనలేదు. ఇరువదవ శతాబ్దము తొలి సగములో గుండెపోటు వచ్చిన రోగిని నాలుగు నుండి ఆరు వారముల వరకు మంచము దిగనీయకుండుట వైద్యధర్మమయ్యెను. భోజనమును ఇతరులు తినిపించవలెను. ప్రక్కకు తిరుగుటకును సాయము కావలెను. రోగము కొందరిని, పడక కొందరిని తీసికొనిపోయెను. కదలక పడియున్న కాళ్లలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుట ఆ దినములలో సాధారణమైన ఆపద.

1951లో అమెరికాలోని బోస్టన్ నగరమున శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అను వైద్యులు ఒక సాహసము చేసిరి. గుండెపోటు రోగులను తొలి దినములలోనే మంచము నుండి లేపి చేతుల కుర్చీలో కూర్చుండబెట్టిరి. నేడు మనకిది నవ్వు పుట్టించును. నడిపించినారు గూడ కాదు, కూర్చుండబెట్టినారు, అంతే. ఆ కాలమున దానినే నేరముగా చూచినవారుండిరి. భయపడినట్లు మరణములు పెరుగలేదు సరిగదా, రోగులు త్వరగా కోలుకొనిరి. ఆ లౌన్ మహాశయుడే తరువాత అణ్వస్త్రములకు వ్యతిరేకముగా వైద్యులను కూడగట్టిన సంస్థను స్థాపించినవారిలో నొకడు. 1985లో ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమానము వచ్చెను. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినపుడు చికిత్సలో పాల్గొన్న పాల్ డడ్లీ వైట్, నడకను ఔషధముగా నమ్మిన వైద్యుడు. అధ్యక్షుడు మరల లేచి తిరిగి, మరుసటి యేడు ఎన్నికలలో గెలిచెను. అమెరికా ప్రజలు ఆ దృశ్యమును చూచి, గుండెపోటు అనగా బ్రదుకు ముగియుట కాదని తెలిసికొనిరి.

ఇంక కొలెస్టెరాలు మాట. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో పిత్తాశయపు రాళ్లనుండి ఒక తెల్లని పదార్థమును వేరుచేసిరి. 1815లో షెవ్రల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దానికి గ్రీకు పదములతో పేరు పెట్టెను. పిత్తపు గట్టి పదార్థము అని దాని భావము. ఈ షెవ్రల్ నూటరెండేండ్లు బ్రదికినాడు! క్రొవ్వులను గూర్చి అంత పరిశ్రమించినవాడు క్రొవ్వు వలన చావలేదని సంతోషింపవచ్చును. 1910లో జర్మనీకి చెందిన విండౌస్, గట్టిపడిన ధమనుల గోడలలో ఈ పదార్థము మామూలు ధమనులలోకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా నున్నదని చూపెను. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టెరాలు తినిపించి వాటి ధమనులలో అట్టి పూతనే పుట్టించెను. నేరము జరిగినచోట దొరికినది గనుక నిందితుని గుర్తించిరి. ఐతే మన దేహమే దానిని తయారుచేయును. కణముల పొరలకు, కొన్ని హార్మోనులకు అది కావలసిన పదార్థమే. దానిని మోసికొని పోవు బండ్లలో తేడా కలదని 1950 ప్రాంతమున అమెరికాలో గాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు మిక్కిలి వేగముగా తిరుగు యంత్రమున రక్తమును త్రిప్పి కనుగొనెను. ఎల్.డి.ఎల్. అను బండి సరకును ధమనుల గోడలలో దింపిపోవును. హెచ్.డి.ఎల్. అను బండి మిగిలిన సరకును కాలేయమునకు తిరిగి చేర్చును. నేడు ఆసుపత్రి కాగితముపై "చెడ్డ", "మంచి" అని వైద్యులు వ్రేలు పెట్టి చూపునవి ఇవియే.

ఈ రెండు కథలను, అనగా కదలిక కథను క్రొవ్వు కథను, ఒకచోట కలిపినది లండను బస్సు. మా వయస్సువారికి హైదరాబాదు రెండంతస్తుల బస్సులు జ్ఞాపకముండును. 2003 వరకు అవి మన వీధులలో తిరిగినవి. పై అంతస్తున ముందు సీటు కొరకు పిల్లలము ఎంత పోటీపడితిమో! మన ధ్యాస అంతయు పైన ఉండెడిది. జెరెమీ మారిస్ అను వైద్యుని చూపు మెట్లపైన పడినది. లండను బస్సులో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్ల కొరకు దినమునకు 500 నుండి 750 మెట్ల వరకు ఎక్కును. ఇద్దరిది ఒకే సంస్థ, ఒకే బస్సు. జీతములలోను పెద్ద తేడా లేదు. దాదాపు 31,000 మంది రవాణా ఉద్యోగుల లెక్కలు తీయగా, డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదనియు, వచ్చినను వారు దానివలన వెంటనే మరణించుట చాల తక్కువనియు తేలినది. 1953లో ఈ సంగతి లాన్సెట్ పత్రికలో వెలువడినది.

విమర్శకులు ఊరకుండలేదు. మొదటినుండియు లావుగా నున్నవారే డ్రైవరు పనిలో చేరుచుండిరేమో యని అడిగిరి. మారిస్ సంస్థవారి యూనిఫారముల కొలతలు తెప్పించెను. డ్రైవర్ల నడుము కొలతలు నిజముగనే పెద్దవి. విమర్శలో కొంత సత్యమున్నదని ఆయనయే 1956లో ప్రకటించెను. తన లెక్కను తానే అనుమానించిన ఈ నిజాయితీకి మేము నమస్కరింతుము. పిమ్మట నడుము కొలత యేదైనను కండక్టరుకే ప్రమాదము తక్కువయని చూపెను. 1966లో మరల పరీక్షింపగా డ్రైవర్ల రక్తములో కొలెస్టెరాలు, వారి రక్తపోటు, రెండును ఎక్కువగా కనబడెను. కదలని శరీరమునకు, రక్తములోని క్రొవ్వునకు గల సంబంధము ఒక నగరపు బస్సులలో పట్టుబడినది. మారిస్ 2009లో, నూరేండ్లకు కొద్ది నెలలు తక్కువగా, కన్నుమూసెను. ముదిమిలోను ఆయన ఈతయు నడకయు మానలేదు.

కండరము కదలుటకు శక్తి ఎచ్చటనుండి వచ్చును అన్న ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఫిస్క్‌తో కలసి పనిచేయుచు 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనెను, రెండేండ్లకు ఏ.టి.పి.ని గూడ వారు వేరుచేసిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ దానినే కనుగొనెను. కండరమునకు చేతిఖర్చు ఈ పదార్థములు. కాని చేతిఖర్చు క్షణములలో తీరిపోవును. నడక సాగవలెనన్నచో నిలువ ధనము తీయవలెను. ఆ నిలువలో పెద్ద భాగము క్రొవ్వు. పని చేయుచున్న కండరపు రక్తనాళముల గోడలయందు లైపేజు అను ఒక ఎంజైము ఉండును. అది రక్తములో పోవుచున్న క్రొవ్వుబండ్లను ఆపి, సరకు దింపి, కండరమునకు అందించును. ఆ పనిలో ట్రైగ్లిసరైడులు తగ్గును, హెచ్.డి.ఎల్. కొంత పెరుగును. కాళ్లు గంటలకొలది కదలనపుడు ఆ ఎంజైము పని మందగించును. పట్టుకపోయినవి కాళ్లేయని అవ్వ అనుకొన్నది. లోపల ఈ వర్తకమును పట్టుకపోయినది.

ఇచ్చట ఒక సత్యమును దాచుట మాకు ఇష్టము లేదు. నడక వలన కొలెస్టెరాలు అంతయు కరగిపోవునని చెప్పువారు అతిశయోక్తి చెప్పుచున్నారు. 2007లో ప్రకటింపబడిన ఒక సమీక్షలో 25 ప్రయోగములను కలిపి చూడగా, వ్యాయామము వలన హెచ్.డి.ఎల్. సగటున 2.5 మిల్లీగ్రాములు మాత్రమే పెరిగినది. చెడ్డదైన ఎల్.డి.ఎల్.పై నడక ప్రభావము స్వల్పము. 1987లో అంగడికి వచ్చిన స్టాటిన్ జాతి మాత్రలు దానిని మూడవ వంతు మొదలు సగము వరకు తగ్గించగలవు. నడచుచున్నాము గదా యని వైద్యుడు వ్రాసిన మాత్ర మానుట తెలివితక్కువ. ఆ సమీక్షలోనే పెద్దలకు ఊరటనిచ్చు మాట మరొకటి కలదు. వారమునకు కనీసము 120 నిమిషములు ఉండవలెను; ఆపైన ఫలితమును నిర్ణయించునది వేగము కాదు, ఒక్కొక్కసారి ఎంతసేపు చేసితిమి అన్నదే. పరుగెత్తలేని మోకాళ్లకు ఇంతకంటె శుభవార్త యేమి కావలెను?

మరి ఇంత స్వల్పమైన లాభమునకు ఇంత చరిత్ర యేల? మన జాతి రక్తపు లోపము సరిగా అచ్చటనే యున్నది గనుక. భారత వైద్య పరిశోధనా మండలివారు దేశమంతట జరిపిన పరీక్షల ఫలితములు 2023లో వెలువడినవి. మొత్తము కొలెస్టెరాలు ఎక్కువైనవారు నూటికి 24 మంది కాగా, మంచిదైన హెచ్.డి.ఎల్. తక్కువైనవారు నూటికి దాదాపు 67 మంది. మూడింట రెండు వంతుల జనమునకు లోటు ఏదియో, నడక ఇచ్చునది అదియే. పైగా నడక మేలు క్రొవ్వు లెక్కతో ముగియదు. హెచ్.డి.ఎల్.ను ఎంతగానో పెంచు ఒక మందును 2006లో పరీక్షించుచుండగా మరణములు పెరిగి ఆ పరీక్షనే నిలిపివేసిరి. అంకె పెరిగినంత మాత్రమున ఆయువు పెరుగదు. రక్తపోటు, చక్కెర, నడుము, కాలిబలము అన్నిటిని కలిపి సరిదిద్దునది కదలికయే.

పల్లె విడిచి పట్టణమునకు వచ్చుటలో మనము పోగొట్టుకొన్న దేమి యని కొలిచిన పరిశోధన ఒకటి 2005, 2007 నడుమ జరిగినది. హైదరాబాదు, బెంగుళూరు, నాగపూరు, లక్నో నగరములలోని కర్మాగారములకు పల్లెలనుండి వచ్చి చేరినవారిని, వారి వారి పల్లెలలోనే యుండిపోయిన తోబుట్టువులను ప్రక్కప్రక్కన నిలిపి పరీక్షించిరి. ఒక తల్లి బిడ్డలు, ఒక పొయ్యి వంట తిని పెరిగినవారు. పురుషులలో స్థూలకాయులు పల్లెలో నూటికి 19 మంది. పల్లెనుండి పట్టణమునకు వచ్చినవారిలో 38 మందికి దగ్గర. మధుమేహము పల్లెలో నూటికి ఆరుగురికి, వలస వచ్చినవారిలో పదునాలుగురికి. దేహశ్రమ పల్లెలోని తోబుట్టువులకే ఎక్కువ. తిండిలోను తేడా వచ్చియుండును, కాదనము. ఐనను, నాగలి, కావడి, బిందె వదలిన దేహము తినుట మాత్రము వదలలేదు.

పల్లెలును ఇప్పుడు నిశ్చింతగా లేవు. 2003-04లో గోదావరి జిల్లాల 45 గ్రామములలో జరిగిన మరణములకు కారణములు విచారింపగా, నూటికి 32 గుండెకు, రక్తనాళములకు సంబంధించినవే. కాలువ గట్టున పుట్టిపెరిగినవారి మాట ఇది.

కర్మన్‌ఘాట్ ఈ మార్పును ఎక్కడికిని పోకుండ, ఉన్నచోటనే చూచినది. ఊరు కదలలేదు, నగరమే దాని మీదికి వచ్చినది. ఎల్.బి.నగర్ పురపాలక సంఘము 2007లో మహానగరములో కలసిపోయెను. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చెను. పొలమున నాటు వేసిన వయస్సువారు ఇంకను ఉన్నారు, పొలములే లేవు. వంగి లేచుట, మోసి నడచుట జీతమునకై చేసిన తరమువారు, నేడు దానిని వ్యాయామమను పేరుతో మరల నేర్చుకొనవలసి వచ్చినది. అందుకు వారిలో కొందరు సిగ్గుపడుదురు. చేతులూపుచు ఊరక తిరుగుట పనిలేనివారి పనియని వారి అభిప్రాయము. దేవుని చుట్టు తిరుగుటకు సిగ్గు లేదు గదా! గుడి ప్రాకారము లోపల వాహనము రాదు, నేల చదునుగా నుండును, అలసినచో అరుగున్నది, పలుకరించు తోడున్నది. పెద్దలకు ఇంతకంటె అనుకూలమైన నడకబాటను ఏ ఇంజనీరైనను గీయలేడని మాకు తోచినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థమైన శ్రమ చెప్పినది. అరువదియైదు దాటినవారు దానికి తోడు వారమునకు మూడు దినములైనను తూలిపడకుండ కాపాడు అభ్యాసములు, కండరబలము నిచ్చు అభ్యాసములు చేయవలెననియు చెప్పినది. నడచునపుడు మాటలాడగలుగుచు, పాట పాడలేకపోవుట మధ్యస్థమైన శ్రమకు గుర్తు. రొమ్ము బిగియుట, తల తిరుగుట ఉన్నవారు ముందు వైద్యుని చూడవలెను. మేము వైద్యులము కాము. రేడియో పెట్టె ముందు మిమ్ములను కూర్చుండబెట్టుట మా వృత్తి. ఆ దోషమును మేమును కొంత మోయవలసినదే. ఉదయపు వార్తలను మాత్రము చేతిరేడియో పట్టుకొని వాకిట తిరుగుచు వినుటకు మాకు అభ్యంతరము లేదు.

అవ్వ లెక్కకు వత్తము. శనివారము ముప్పదియైదు నిమిషములు, మంగళవారము మరొక ముప్పదియైదు, డెబ్బది. "మిగిలిన దినములు రారాదా?" అని అడిగితిమి. ఆమె చెప్పులు వెదకుకొనుచు గుడి వెలుపలి రోడ్డు వైపు చూపెను. ఆటోలు, మోటారు సైకిళ్లు, నీళ్ల ట్యాంకర్లు తెంపు లేకుండ పోవుచుండెను. అంచున నడచుటకు జానెడు చోటు లేదు.

"ఈ రోడ్డు దాటి రానియ్యరు బిడ్డా, మా పోరలు. మంగళారం, శనారం మనుమడు బండి మీద దింపుతడు. మిగతా దినాలు ఇంట్లనే కూసో అంటరు."